ఆకుపచ్చ సిరా గీత

పెల్‌కూమ్‌లో పాత పుస్తకాల కొట్లు ఐదున్నాయి. జనవరి చివరి శనివారం మధ్యాహ్నానికి గ్లెనిస్ ప్రాసర్ వాటిలో నాలుగు గాలించేసింది. ఎడమచేతి వేళ్లకు దుమ్ము తప్ప ఏమీ అంటలేదు. ఎడమచెయ్యే ఎందుకంటే, కావలసిన పుస్తకం తెలియనప్పుడు కళ్లు మూసుకుని ఎడమచేత్తో వరస తడుముకుంటూ పోవాలని, వెచ్చగా తగిలిన చోట ఆగాలని ఆమె నియమం. ఆ నియమాన్ని కూడా పాతికేళ్ల కిందట ఏదో పుస్తకంలోనే చదివింది. రెండో కొట్లో వెచ్చగా తగిలింది కూడాను. కళ్లు తెరిచి చూస్తే వెనకాల హీటర్ గొట్టం ఉంది.

గ్లెనిస్ పాగన్. చర్చి రాకముందు ఈ నేలమీద ఉండేవని చెప్పుకునే దేవతలను కొలుస్తుంది. చెప్పుకునే అని ఎందుకు అనాలంటే, ఆ దేవతలకు ఎవరు ఏ పూజ ఎలా చేసేవారో ఒక్కరూ రాసిపెట్టలేదు. రాసినవాళ్లంతా చర్చివాళ్లే, వాళ్లు తిట్టడానికి రాశారు. అందుకని ఈ కాలం పాగన్లకు పండగ దగ్గరపడితే పుస్తకాల కొట్టుకు పోవడం తప్ప దారి లేదు. గ్లెనిస్ ఇంట్లో మూడు బీరువాల నిండా అలాంటి పుస్తకాలే. ప్రతిదీ అతి ప్రాచీనమనే చెబుతుంది, ప్రతిదీ పక్కదాన్ని చూసి రాసుకున్నదే. ఆ సంగతి గ్లెనిస్‌కూ తెలుసు. తెలిసినా కొనడం ఆపుకోలేదు.

ఈసారి మాత్రం అవసరం నిజమైనది. ఆమె బృందంలో ఆమెతో కలిపి ఆరుగురు. ఇరవై ఏళ్లుగా శనివారం శనివారం ఆమె ముందుగదిలో చేరుతున్నారు. కిందటి ఏడాది బ్రిస్టల్ నుంచి వచ్చి చేరిన జోస్లిన్ అనే ముప్పై ఏళ్ల పిల్ల, డిసెంబరు పండగనాడు కేకు ముక్క చేత్తో పట్టుకుని అందరి ముందూ అనేసింది.

"ప్రతిసారీ అదే కొవ్వొత్తి, అదే కేకు, అవే నాలుగు మాటలు. ఇది పూజా, పుట్టినరోజా, గ్లెనిస్ గారూ? జిల్లా పట్నంలో ముప్పై మంది బృందం ఉంది. డప్పులున్నాయి. మనమూ వాళ్లలో కలిసిపోతే పోలా?"

మిగతా నలుగురూ కేకు వంక చూశారు తప్ప కాదనలేదు. గ్లెనిస్‌కు ఒళ్లు మండింది. మండిన ఒంటితో మాట తూలింది. "ఇంబోల్క్ దాకా ఆగండి. అసలైన పాత పూజ ఒకటి చేయిస్తాను, ఏ పుస్తకంలోనూ అచ్చుకానిది. అది మీకు పట్టకపోతే అందరూ పట్నం పోండి, నేనే బస్సెక్కిస్తాను" అంది. ఇంబోల్క్ అంటే ఫిబ్రవరి మొదట్లో, మంచుపూలు నేలలోంచి తలెత్తే రోజుల్లో వచ్చే పండగ. దానికి ఇక వారమే ఉంది. అసలైన పాత పూజ ఆమె దగ్గర ఒక్కటీ లేదు.

బృందం పోతే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. భర్త డెన్‌జిల్ పోయి పద్నాలుగు నెలలయింది. వారంలో ఆరు రోజులు ఆ ఇంట్లో ఆమె గొంతు వినేది కెటిల్ ఒక్కటే. శనివారం కూడా పోయిందంటే ఆ ఇంట్లో ఉండలేదు, ఆ ఇల్లు వదిలి ఉండనూ లేదు.

ఐదో కొట్టు హంఫ్రీ స్టోక్స్‌ది. అతని దగ్గర మంత్రతంత్రాల అర, కుక్కల పెంపకానికీ కుళాయి మరమ్మతులకూ మధ్యన ఉంటుంది. గ్లెనిస్ కళ్లు మూసుకుని చెయ్యి చాపడం చూసి అతను పేపరు దించాడు.

"కళ్లు తెరుచుకుని చూసినా నేను ఎక్కువేమీ తీసుకోను, మిసెస్ ప్రాసర్."

"మీరు మాట్లాడకుండా ఉంటే చాలు."

"కిందటిసారి అలాగే ఊరుకున్నాను. మీరు కుక్కల అరలోకి వెళ్లిపోయి పేను మందుల పుస్తకం దగ్గర పావుగంట నిలబడ్డారు."

ఈసారి చెయ్యి ఒక గోధుమరంగు గుడ్డ అట్ట మీద ఆగింది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో జనం ఆచారాలు, నమ్మకాల గురించి ఎనభై ఏళ్ల కిందట ఎవరో పాస్టరు తీరిక వేళల్లో రాసిన పుస్తకం. వెచ్చగా ఏమీ లేదు, కానీ తియ్యగానే దానంతటదే ఒకచోట తెరుచుకుంది. అక్కడ నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది.

విప్పి చూసింది. పెన్సిలుతో అంకెలు. ఒక్కో వరసలో ఒకటి నుంచి ఆరు దాకా ఆరంకెలు, వరస వరసకూ తారుమారవుతూ ఐదు నిలువు పట్టీల్లో అరవై వరసలు. పేరేదైనా ఉంటే ఉండాల్సిన పైమూల చిరిగిపోయింది. ఆ అంకెల మధ్యనుంచి, ప్రతి వరసలోనూ నాలుగో అంకెను పట్టుకుని, మెలికలు తిరుగుతూ కిందిదాకా ఒక గీత సాగింది. గీత ఆకుపచ్చ సిరాతో ఉంది.

గ్లెనిస్ కాగితాన్ని వెలుతురుకు పట్టి మళ్లీ చూసింది. ఆకుపచ్చ సిరాతో రాసేది తమవాళ్లే. లోకంలో ఇంకెవరికి ఆ పని? ఆమె పూజల పుస్తకం పాతికేళ్లుగా ఆకుపచ్చ సిరాతోనే నిండుతోంది. ఆ కలాలు ఆమె డబ్బాల లెక్కన తెప్పించి వంటింటి సొరుగులో పోస్తుంది.

"ఆ పుస్తకం సంగతి మీకు తెలిసే ఉంటుంది" అన్నాడు హంఫ్రీ, కాస్త గొంతు తగ్గించి. "అది ముందు మన..."

"చెప్పకండి." గ్లెనిస్ అరచెయ్యి అడ్డంపెట్టింది. "ఎవరి చేతుల్లోంచి వచ్చిందో నోటితో చెప్పేస్తే దాని శక్తి చెదిరిపోతుంది. దాని కథ అదే నాకు చెబుతుంది."

"మీ ఇష్టం. నాకైతే పుస్తకాలు ఏమీ చెప్పవు. అందుకే హాయిగా అమ్ముకుంటున్నాను."

ఇంటికి పోయి కోటు కూడా విప్పకుండా కాగితాన్ని వంటింటి బల్లమీద పరిచింది. కాగితం తీసిన చోటు పోకుండా అప్పటికే పుస్తకంలో రోజ్‌మేరీ రెమ్మ ఒకటి పెట్టింది, ఎందుకంటే అది ఏ పుటలో ఉందన్నది కూడా సంకేతమే. నూట నలభై మూడో పుట. అందులో పందిని ఏ పక్షంలో కొయ్యాలి, ఏ పక్షంలో కోస్తే మాంసానికి ఉప్పు పట్టదు అన్న విషయం తప్ప మరొకటి లేదు. గ్లెనిస్ మూడుసార్లు చదివింది. ఏదో ఒక దేవతకు పంది ప్రీతి అయ్యుండాలని తన పుస్తకంలో ఆకుపచ్చగా రాసుకుని, పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకుంది.

తర్వాత మిరియాలు, ఉప్పు, ఆవాలు, దాల్చినచెక్క, జాజికాయ, బిర్యానీ ఆకు సీసాలు ఆరింటిని వరసగా పెట్టి, అంకెల ప్రకారం జరపడం మొదలుపెట్టింది. జరిపేకొద్దీ ఒక పద్ధతి బయటపడింది. ఏ సీసా కూడా ఒక్కసారికి ఒక్క చోటుకంటే ఎక్కువ కదలదు. పక్కదానితో చోటు మార్చుకుంటుంది, లేదా ఉన్నచోటే ఒక లెక్క ఆగుతుంది. ఒకటో సీసా మాత్రం మొదటి నుంచి చివరికి, చివర్నించి మొదటికి తిన్నగా ఐదుసార్లు పోయి వస్తుంది. అది మొదటికి తిరిగొచ్చిన ప్రతిసారీ మిగతావాటిలో నాలుగు ఒక్కడుగు తడబడి, వెనక్కి వేసి, మళ్లీ సాగుతాయి. అరవయ్యో వరస అయ్యేసరికి ఆరు సీసాలూ మొదట నిలబడ్డ చోటికే వచ్చి నిలబడ్డాయి.

అర్థం క్షణాల్లో దొరికింది. గ్లెనిస్‌కు అర్థాలు దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు. ఒకటో అంకె దేవత. చలికాలం భూమి కిందికి పోయి వసంతానికి పైకి వస్తోంది. ఆ తడబాటు, పోతూ పోతూ చలికాలం ఒకసారి వెనక్కి తిరిగి చూడటం. మరి నాలుగుకే గీత ఎందుకంటే దిక్కులు నాలుగు, రుతువులు నాలుగు. రాత్రి పడుకోబోతూ ఇంకో నాలుగు నాలుగులు కూడా గుర్తొచ్చాయి.

ఈ మాటలు పక్కన ఎవరితోనైనా అనాలనిపించింది. డెన్‌జిల్ ఉన్నా అతనితో అనేది కాదులెండి. అతను చర్చి గోపురంలో తాళ్లు లాగి గంటలు మోగించే మనిషి. ముప్పై నాలుగేళ్లు ప్రతి బుధవారం, ప్రతి ఆదివారం పోయాడు. దేవుడి సంగతి అడిగితే నసిగేవాడు కానీ గంటల సంగతిలో నమ్మకం గట్టిది. పెళ్లినాడే ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. నీ గంటల గోల నాకొద్దు, నా చంద్రుడి గోల నీకొద్దు అని. ఆ ఒప్పందాన్ని ఇద్దరూ ఎంత మర్యాదగా పాటించారంటే, అతని గంటల పుస్తకాలు తోటలోని షెడ్డు దాటి ఇంట్లోకి రాలేదు, ఆమె ఆ షెడ్డు గడప తొక్కలేదు. అతను పోయాక పదకొండు పెట్టెలు మూతలు తియ్యకుండానే, దానంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే చారిటీ షాపు వాళ్లకు ఇచ్చేసింది. తీస్తే ఇవ్వలేనని భయపడింది.

శనివారం నాలుగు గంటలకు, చర్చి గోడ కింద ఏటివైపున్న పచ్చికలో ఆరుగురూ వరసగా నిలబడ్డారు. వెలుతురు పల్చబడుతోంది. గోడ మొదట్లో మంచుపూలు గుంపులుగా ఉన్నాయి. ఒకటో చోటు గ్లెనిస్‌ది. రెండు, జోస్లిన్. మూడు, పళ్ల డాక్టరుగా రిటైరైన బాసిల్, మోకాళ్లు సరిగా లేని మనిషి. మిగతా మూడు చోట్లలో కుండలు చేసే అక్కచెల్లెళ్లిద్దరూ, బడిలో వంట చేసే లావుపాటి డోరీన్. ఎవరి దారి వాళ్లకు గ్లెనిస్ అట్టముక్క మీద రాసిచ్చింది, వారమంతా ఇళ్లల్లో సాధన చెయ్యమంది. బాసిల్ తన అట్టముక్క ఇంట్లో మరిచిపోయి వచ్చాడు.

"ఇది ఎక్కడిదో చెప్పరా?" అంది జోస్లిన్.

"ఇక్కడిదే" అంది గ్లెనిస్. "ఈ ఊరి మంత్రగత్తె ఒకామె చేత్తో రాసుకున్నది. ఇంతకంటే అడక్కు."

మొదలుపెట్టారు. అడుగు అడుగుకూ డోరీన్ చిన్న డప్పు కొట్టింది. మొదటి పన్నెండు వరసలు బాగానే సాగాయి. గ్లెనిస్ మొదటికి తిరిగి రాగానే బాసిల్ వెనక్కి వెయ్యాల్సిన అడుగు ముందుకు వేశాడు. అక్కకు చెల్లి తగిలింది, చెల్లికి డోరీన్ తగిలింది, డప్పు ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అక్కడే, అదే బాసిల్. జోస్లిన్ గట్టిగా ఊపిరి విడిచి పట్నం బస్సు వేళ చూసుకుంటున్నట్టు ఫోను తీసింది.

అప్పుడు గోడ మీదనుంచి ఒక కేక వినబడింది.

"మూడూ, ఎక్కడికయ్యా ఆ పోవడం? ఒకటి మొదటికొచ్చింది, కనబడటం లేదూ? ఒక్కడుగు వెనక్కి వెయ్యి, ఆ తర్వాతే ముందుకు."

గోడ అవతల ఎడ్నా గఫ్ నిలబడి ఉంది, పక్కన ఆమె ముసలి కుక్క. డెబ్బై ఆరేళ్ల మనిషి, చర్చికి మూలస్తంభం. పండగలప్పుడు వీళ్ల కొవ్వొత్తుల మైనం చర్చి పక్క దారి మెట్ల మీద పడుతోందని చర్చి పత్రికలో రెండుసార్లు రాసిందీ ఈవిడే.

"అలా చూస్తారేం? మళ్లీ నిలబడండి. డప్పమ్మాయ్, నువ్వు తొందరపడకు. ఆరుగురూ ఒక్క లెక్కలో కదలాలి. ఊఁ, పదండి."

ఎందుకో ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆమె గొంతు అలాంటిది. ఆమె గోడ మీద అరచేత్తో తడుతూ, కాగితం ముక్క కూడా లేకుండా, అరవై వరసలూ చెప్పింది. "ఐదూ, వెనక్కి. ఆరూ, చాలు, ఇక దిగు. నాలుగూ, ఆగు, అక్కడే, బంగారం. మూడూ, ఇప్పుడు, ఇప్పుడు వెనక్కి. అబ్బ, వేశావు నాయనా." ఒకరినొకరు చూసుకోకుండానే చోట్లు మారుతున్నారు. కాళ్లకు దారి దొరికింది. చివరి వరసలో ఆరుగురూ మొదట ఎక్కడ నిలబడ్డారో అక్కడే, ఒక్కసారిగా, వచ్చి ఆగారు. డోరీన్ కళ్లు తుడుచుకుంది. బాసిల్ తన మోకాళ్ల వంక నమ్మలేనట్టు చూసుకున్నాడు.

"ఆవిడ మనావిడే" అంది జోస్లిన్, గుసగుసగా. మొహం పాలిపోయి ఉంది. "వంశంలో వచ్చిన విద్య అది. ఇంతకాలం చర్చిలో దాక్కుని ఉంది. గ్లెనిస్ గారూ, నేను ఎక్కడికీ పోను."

గ్లెనిస్‌కు గాల్లో తేలినట్టయింది. బృందం నిలబడింది. వాళ్లను ఇంటికి పోయి కెటిల్ పెట్టమని పంపించి, గోడ దగ్గరికి నడిచింది. ఎడ్నా కుక్క తాడు చేతికి చుట్టుకుంటోంది.

"నేను ఏడ్చే మనిషిని కాదని నీకు తెలుసు కదా, అమ్మాయ్" అంది ఎడ్నా. ముక్కు ఎర్రబడి ఉంది. "కానీ డెన్‌జిల్ కోసం నువ్వు ఇలా చేస్తావని అనుకోలేదు. నిన్ను నేను చాలా అనుకున్నాను, తప్పు నాదే."

"డెన్‌జిల్ కోసమా?"

"మరి? తాళ్లు, గంటలు లేకుండా మనుషుల్నే గంటలు చేసి నిలబెట్టావు. వాడికి ఎంత ఇష్టమో ఆ వరస. ఆరు గంటల మీద కొట్టే వరసల్లో అన్నిటికంటే ముందు నేర్పేది అదే. వాడికి నేర్పింది నేనే."

గ్లెనిస్ జేబులోంచి కాగితం తీసింది. "ఎడ్నా గారూ, ఇది ఏమిటి?"

ఎడ్నా కళ్లద్దాలు పైకి తోసి చూసింది. "ఏమిటేమిటి. ఇది వాడి కాగితమే. ఒక్కో అంకె ఒక గంట, ఒక్కో వరస అవి మోగాల్సిన క్రమం. నాలుగుకి గీత గీశాడు చూడు, వాడిది నాలుగో గంట. ఎవరి గంట దారి వాళ్లు గీసుకుని బట్టీపడతారు. మేమందరం నీలం సిరాతో గీస్తాం, వీడొక్కడికే ఆకుపచ్చ. ఇదేం రంగయ్యా అంటే, మా వంటింటి సొరుగులో ఇవే దొరుకుతాయి అనేవాడు."

గ్లెనిస్ చల్లటి రాతిగోడ మీద చెయ్యి ఆనించి నిలబడిపోయింది. పాతికేళ్లుగా కలాలు మాయమవుతుంటే ఏదో చిలిపి దేవత ఎత్తుకుపోతోందనుకుని, కిటికీలో పాలగిన్నె కూడా పెట్టింది.

"ఆ తాడు కట్టేసి ఉంది" అంది ఎడ్నా, గోపురం వైపు చూపిస్తూ. "వాడు పోయినప్పట్నుంచి ఐదుగురమే. ఐదు గంటలతో ఆ వరస రాదు. ఈ కాగితం నీకు ఎక్కడ దొరికింది? నువ్వు తెలిసి చెయ్యలేదన్నమాట."

"లేదు."

"ఊఁ. మరీ మంచిది. తెలియక చేసి కూడా ఒక్క బాసిల్ మాత్రమే తప్పాడు."

ఇంటికి పోయేసరికి ముందుగది వెచ్చగా ఉంది. కేకు కోసి ఉంది, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఇరవై ఏళ్లలో ఇంతకంటే చిన్న విషయాలకు ఇంతకంటే పెద్ద కోతలు కోసింది. కానీ ఆ కాగితాన్ని ఊరి మంత్రగత్తెదని ఇంకోసారి అంటే డెన్‌జిల్‌ను ఇంకోసారి పెట్టెలో పెట్టి పంపించినట్టుంటుందనిపించింది. నిలబడే చెప్పింది. మంత్రగత్తె లేదు, పూజ లేదు, అది చర్చి గంటలు కొట్టే లెక్క, కాగితం నా మొగుడిది, సిరా నాది. పట్నం పోవాలనుకునేవాళ్లు పోవచ్చు, నేను ఏమీ అనుకోను.

జోస్లిన్ కప్పు కింద పెట్టింది.

"గ్లెనిస్ గారూ, ఒక్క నిమిషం ఆలోచించండి. ఒక పాత విద్యను దాచాలంటే ఎక్కడ దాస్తారు? ఎవరూ వెతకని చోట. చర్చి నెత్తిమీద."

"జోస్లిన్, అది మూడు నాలుగు వందల ఏళ్ల కిందట గంటలు కొట్టేవాళ్లే కనిపెట్టుకున్నది."

"నాలుగు వందల ఏళ్లు" అంది జోస్లిన్, మిగతావాళ్ల వైపు తిరిగి. "విన్నారా?"

"ఎడ్నాని అడుగు. మంత్రం లేదు, మన్నూ లేదు అంటుంది."

"అంటుంది. అసలైనవాళ్లు ఎవరు ఒప్పుకున్నారు?"

"మా ఆయన కూడా నమ్మేవాడు కాదు" అంది గ్లెనిస్, ఆఖరి ప్రయత్నంగా.

"ఆయన సిరా ఎక్కడినుంచి తీసుకున్నాడు?" అన్నాడు బాసిల్ నెమ్మదిగా. దానికి అందరూ తలలూపారు.

ఇరవై ఏళ్లు తోచింది చెబితే సగం నమ్మారు. ఒక్కరోజు నిజం చెబితే బొత్తిగా నమ్మలేదు. ఆ నమ్మకపోవడంతోనే బృందం నిలబడిపోయింది, పైగా బుధవారం సాయంత్రం ఆరుగురూ గోపురం ఎక్కి ఎడ్నా దగ్గర ఆ విద్య నేర్చుకోవాలని తీర్మానం కూడా అయిపోయింది. గ్లెనిస్ ఫోను చేసి, మొహమాటపడుతూ, వీళ్లు మిమ్మల్ని ఏమనుకుంటున్నారో చెప్పింది.

"నన్ను ఏ దయ్యమనుకున్నా ఫరవాలేదు" అంది ఎడ్నా. "నాకు చేతులు కావాలి. తాడు పట్టడం రావడానికే ఆరు వారాలు, ముందే చెప్పు. పైన కొవ్వొత్తులు వెలిగిస్తే మాత్రం మెట్ల మీదనుంచి తోసేస్తాను."

అంతా అయ్యాక, అందరూ వెళ్లిపోయాక, ఒక సంగతి మిగిలింది. కాగితం డెన్‌జిల్‌దైతే పుస్తకమూ అతని పెట్టెల్లోదే. పుస్తకం మంత్రగత్తెలదీ నమ్మకాలదీ. ఆ షెడ్డులో దానికేం పని? సోమవారం కొట్టు తెరిచే వేళకే గ్లెనిస్ హంఫ్రీ గుమ్మంలో ఉంది.

"మొన్న చెప్పబోయి ఆగారు" అంది. "ఇప్పుడు చెప్పండి."

"శక్తి చెదిరిపోదూ?"

"హంఫ్రీ గారూ."

అతను ఆమె మొహం చూసి వేళాకోళం మానేశాడు. "ఆ పుస్తకాన్ని ముందు నేనే మీ ఆయనకు అమ్మాను. ఆయన పోయిన ఏడాదే, వేసవిలో. చారిటీ షాపు వాళ్లు నాకు మళ్లీ అమ్మారు. బుధవారాలు గంటలకు పోతూ ఇక్కడ ఆగేవాడు. ఆ కుక్కల అరకీ కుళాయిల అరకీ మధ్య నిలబడి, ఎవరైనా వస్తే కుళాయిల పుస్తకం తీసేవాడు. ఒకరోజు అడిగాడు, ఈ పాత దేవతల గొడవ మొదటినుంచీ చెప్పేది ఏదైనా ఉందా, మరీ గట్టి భాషలో లేనిది, అని. మీరు కూడా మొదలుపెట్టారా అన్నాను. కాదు, అన్నాడు, ముప్పై ఏళ్లు ఒకే బల్ల దగ్గర తిన్నాం, ఇప్పుడు పోయి నువ్వు నమ్మేదేమిటే అని అడగాలంటే సిగ్గుగా ఉంది, చదివి తెలుసుకుని అడుగుదామని. మీతో చెప్పొద్దన్నాడు. ఒప్పందమేదో ఉందట కదా."

"ఉంది" అంది గ్లెనిస్.

ఇంటికి వచ్చి కోటుతోనే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. పుస్తకం తీస్తే రోజ్‌మేరీ రెమ్మ దగ్గర తెరుచుకుంది. నూట నలభై మూడో పుట. పందిని ఏ పక్షంలో కొయ్యాలి, ఏ పక్షంలో కోస్తే ఉప్పు పట్టదు. పంది ఏ దేవతకూ ప్రీతి కాదు. డెన్‌జిల్ అక్కడిదాకా చదివాడు, అంతే. రెండు వందల పది పుటల్లో అక్కడికి వచ్చి, గుర్తుకు చేతికందిన కాగితం పెట్టి, పుస్తకం మూసి గంటలకు పోయాడు.

గ్లెనిస్ చాలాసేపు ఏడ్చింది. ఏడ్చాక తన పూజల పుస్తకం తీసి పంది గురించి రాసుకున్న మాటల్ని, పక్కనున్న ప్రశ్న గుర్తుతో సహా, ఆకుపచ్చ సిరాతో కొట్టేసింది. రెమ్మ తీసేసి, కాగితాన్ని పాత మడతల వెంటే మడిచి అతను పెట్టిన చోటే పెట్టింది. కెటిల్ పొయ్యి మీద పెట్టి, మొదటి పుట తీసి, కళ్లు తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. నూట నలభై మూడు దాకా పోతే ఇద్దరూ చదివినట్టవుతుంది.